తీగపై వరుస మాటలు

నంద్యాల జిల్లాలోని గని, పొరుగునే కర్నూలు జిల్లాలోని శకునాల గ్రామాల నేలపై 2017లో ఒక మహాసౌరక్షేత్రం పూర్తి అయినది. దాని శక్తి వేయి మెగావాట్లు. దాదాపు ఆరువేల ఎకరాలలో సుమారు 40 లక్షల సౌరఫలకాలు. చూడవచ్చినవారు ఆ ఫలకాలను చూసి అచ్చెరువొందుతారు కాని, వాటి అడుగున సాగే సంభాషణ ఎవరి కంటా పడదు. ఏ వరుసలో విద్యుత్తు తగ్గినదో, ఏ ఇన్వర్టరు వేడెక్కినదో తెలియకపోతే, అంత నేలలో చెడిన చోటును మనిషి కాలినడకన వెదకి పట్టుకోలేడు. ఇట్టి కేంద్రాలలో ఆ వార్తను మోసేవి సాధారణంగా పెనవేసిన రెండు సన్నని తీగలు.

ఈ విద్య కొత్తది కాదు. 1844లో మోర్సు వాషింగ్టన్ నుండి బాల్టిమోరుకు వార్త పంపినాడు. మన దేశంలో ఓషానెస్సీ కృషి వలన 1851లో కలకత్తా, డైమండ్ హార్బరుల మధ్య తంతి పలికినది. తంతి వచ్చినదంటే ఇంటిల్లిపాదీ గుండె చిక్కబట్టుకొన్న ఆ కాలం 2013 జూలైలో ముగిసినది.

తంతిలో అక్షరాలు ఒకదాని వెంట ఒకటి పోతవి. ఎనిమిది తీగలపై ఎనిమిది సంకేతాలు ఒక్కసారే పంపరాదా అని అడుగవచ్చు. నంద్యాలకూ ఆళ్ళగడ్డకూ మధ్య సుమారు 40 కిలోమీటర్లు. అంత దూరం ఎనిమిది తీగలు లాగితే లోహపు ఖర్చే ఎనిమిదింతలు. పైగా అన్ని సంకేతాలూ ఒకే క్షణాన చేరుతవన్న నమ్మకం లేదు. వరుసగా పంపటం పొదుపైన మార్గం.

1870వ దశకంలో ఫ్రాన్సు దేశపు బోదో ప్రతి అక్షరానికీ అయిదేసి సంకేతాలు నియమించినాడు. వాటి కూర్పులు 32. నేటికీ సంకేతవేగాన్ని 'బాడ్' అని ఆయన పేరిటనే కొలుస్తారు. కాని ఒక చిక్కు మిగిలినది. అక్షరం ఎక్కడ మొదలయినదో అవతలి యంత్రానికి ఎట్లా తెలుస్తుంది? రెండు గడియారాలు ఎంతోసేపు కలిసి నడువవు గదా! 20వ శతాబ్ది తొలి దశకాలలో టెలిప్రింటరు నిర్మాతలు దీనికి ఉపాయం కనుగొన్నారు. ప్రతి అక్షరానికీ ముందు ఒక ప్రారంభసంకేతం, వెనుక ఒక విరామం. గడియారాలు ఒక్క అక్షరం సేపు కలిసి నడిస్తే చాలు. తరువాతి అక్షరానికి మళ్ళీ మొదటినుండి లెక్క. ఈ చరిత్రలో ఇంతకు మించిన ఊహ లేదని నా అభిప్రాయం.

1960లో అమెరికాలో ఆర్.ఎస్. 232 అనే ప్రమాణం వెలువడినది. దాని అందుబాటు సుమారు 50 అడుగులే. కర్మాగారానికి అది చాలదు. 1983 నాటి ఆర్.ఎస్. 485 ప్రమాణం రెండు తీగల మధ్య భేదాన్నే సంకేతంగా గ్రహించి, 32 యంత్రాలను, 1200 మీటర్ల వరకు కలుపగలిగినది. తీగపై పలుకవలసిన భాషను మోడికాన్ సంస్థ 1979లోనే ఇచ్చినది. దాని పేరు మోడ్‌బస్. యజమాని యంత్రం సంఖ్య పిలిచి అడుగుతుంది. ఆ సంఖ్య గలదే బదులిస్తుంది. తక్కినవి మౌనం వహిస్తవి.

ఇక్కడ యంత్రాలను కలిపేవారికి ఓర్పు కావాలి. ఒకటి 9600 వేగాన, మరొకటి 19200 వేగాన ఉంటే మౌనమో, అర్థంలేని గిలుకులో తప్ప మాట ఉండదు. రెండింటికి ఒకే సంఖ్య పెడితే రెండూ ఒక్కసారే బదులిస్తవి, ఏదీ వినబడదు. ఇక తీగలకు 'ఎ', 'బి' అని పేర్లు పెట్టటంలో తయారీదారులకే ఏకాభిప్రాయం లేదు. ఒకరి 'ఎ' మరొకరి 'బి'. ఎంతటి చదువరి అయినా చివరకు తీగలు తారుమారు చేసి చూడవలసిందే!

ఇంతకన్న గంభీరమైన లోపం మరొకటి ఉన్నది. 1979 నాటి మోడ్‌బస్‌లో "నీవెవరు?" అన్న ప్రశ్నే లేదు. తీగ కర్మాగారపు గోడ దాటని రోజులలో ఆ ప్రశ్న అవసరమని తోచలేదు. నేడు ఆ యంత్రాలే దూరదేశపు కంప్యూటర్లతో ముడిపడుతున్నవి. తీగ మీదికి చేరిన ఎవరి ఆజ్ఞనైనా అవి పాటిస్తవి. గుర్తింపు అడిగే కట్టుదిట్టమైన మోడ్‌బస్ నియమావళి 2018లో వచ్చినది కాని, అది నెట్‌వర్కుపై నడిచే యంత్రాలకే. రెండు తీగల పాత యంత్రాలకు నేటికీ కావలి తాళం వేసిన గది, బయటి ప్రపంచంతో కలుపని తీగ.