ఖామోష్‌గా ఉండని అఖ్బార్



ఉప్పల్, నాచారం వైపు మనవాళ్లు పనుల మీద తరచూ అంబర్‌పేట దాటి కాచిగూడ వెళ్తుంటారు. ఆ కాచిగూడలోనే 1948 ఆగస్టు 21 రాత్రి ‘ఇమ్రోజ్’ ఉర్దూ అఖ్బార్ ఎడిటర్ షోయబుల్లా ఖాన్ మీద దాడి జరిగింది. తుపాకీతో కాల్చి, చెయ్యి నరికారు. తెల్లారేసరికి ఆయన ఇంతెఖాల్ అయ్యారు. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. చంపింది ముస్లిం ఖౌమ్ హిఫాజత్ కోసమే ఉన్నామని చెప్పుకున్న రజాకార్లు!

సొంత ఖౌమ్ బిడ్డనే ఎందుకు చంపారు?

హుకూమత్ జనాన్ని గుప్పిట్లో పెట్టుకోవాలంటే ముందు నోరు కట్టేస్తుంది. నిజాం రాజ్యంలో ‘గస్తీ నిషాన్ 53’ అనే ఉత్తర్వు ఉండేది. సభ పెట్టాలంటే ముందుగా సర్కార్ ఇజాజత్ తీసుకోవాలి. ఇజాజత్ దొరకదేమోనన్న ఖౌఫ్‌తో మనిషి తన నోటికి తనే తాళం వేసుకుంటాడు. 1933 ఫిబ్రవరిలో జర్మనీ పార్లమెంటు భవనం తగలబడగానే హిట్లర్ కూడా ఒక్క ఉత్తర్వుతో సభల ఆజాదీ, పత్రికల ఆజాదీ రద్దు చేయించాడు. నిజాం, హిట్లర్ ఒకటి కాదు. కానీ నోరు కట్టేసే తరీఖా ఒకటే.

తర్వాతి వంతు అఖ్బార్లది. మందుముల నరసింగరావు నడిపిన ‘రయ్యత్’లో షోయబుల్లా పనిచేసేవారు. సర్కార్ దాన్ని మూయించింది. ఆయన హిమ్మత్ వదలక 1947 నవంబరులో ‘ఇమ్రోజ్’ మొదలుపెట్టారు.

అన్నిటికన్నా ఖతర్నాక్ మెట్టు ఖౌమ్ పేరు వాడుకోవడం. ఖాసిం రజ్వీ మనుషులు గరీబు ముస్లింకు ‘ఈ రాజ్యం నీదే, హాకిమ్‌వి నువ్వే’ అని నూరిపోశారు. జాగీర్లు మాత్రం జాగీర్దార్ల దగ్గరే ఉన్నాయి. సవాల్ చేసినవాడు గద్దార్ అయ్యాడు. 1948 ఆగస్టులో ఏడుగురు ముస్లిం పెద్దలు రజాకార్లను రద్దు చేయాలని, హైదరాబాద్ ఇండియాలో కలవాలని బయాన్ ఇచ్చారు. ‘ఇమ్రోజ్’ దాన్ని అచ్చేసింది. ‘ముస్లింలంతా మా వెంటే’ అనేవాళ్ల మాట ఝూట్ అని తేలాలంటే, కాదని నిలబడే ఒక్క ముస్లిం చాలు. షోయబుల్లా మీద అంత పగ అందుకే.

ఆయన షహాదత్ తర్వాత వారం తిరక్కుండానే బైరాన్‌పల్లిలో రజాకార్లు ఊరి జనాన్ని కాల్చి చంపారు. సెప్టెంబరు 13న ఇండియా ఫౌజ్ వచ్చింది, 17న నిజాం లొంగిపోయాడు. రజాకార్ల జుల్మ్‌కు బదలా మాత్రం బేకసూర్ ముస్లింల మీద తీర్చుకున్నారు. 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ రిపోర్టును కూడా ఢిల్లీ హుకూమత్ దశాబ్దాల తరబడి దాచిపెట్టింది. రజ్వీ జైలుకెళ్లి, 1957లో విడుదలై పాకిస్తాన్ వెళ్లిపోయాడు. వెళ్లడానికి ఇంకో చోటు లేని గరీబు ముస్లిం ఇక్కడే ఉండి, ఆ గాయాలతోనే బతికాడు.

మన పిల్లలు స్కూల్లో రజాకార్ల గురించి చదివి, సిగ్గుతోనో కోపంతోనో ఇంటికొస్తారు. వాళ్లను కూర్చోబెట్టి షోయబుల్లా ఖాన్ పేరు చెప్పండి. బైరాన్‌పల్లి గురించి చెప్పండి, సుందర్‌లాల్ రిపోర్టు గురించి కూడా చెప్పండి. ఒకటి చెప్పి ఇంకోటి దాస్తే అది తారీఖ్ కాదు. రేపు ఎవరైనా ఖౌమ్ పేరుతో ‘ఖామోష్’ అన్నప్పుడు, వాళ్లకు ఈ వాఖయా గుర్తుకు రావాలి.