యూజ్ కేస్

సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో రోజూ వినబడే ‘యూజ్ కేస్’ స్వీడన్ టెలిఫోన్ ఎక్స్ఛేంజీల దగ్గర పుట్టిన మాట. ఎరిక్సన్ సంస్థలో ఇవార్ జాకబ్సన్ 1960ల చివర్లోనే ఒక్కో రకం ఫోన్ కాల్‌ను ‘ట్రాఫిక్ కేస్’గా విడదీసి చూసేవారు. 1986లో ఆ పద్ధతిని అన్ని సిస్టమ్‌లకూ విస్తరించారు. దాని స్వీడిష్ పేరుకు ఇంగ్లీషులో ముందు ‘యూసేజ్ కేస్’ అనుకుని, చివరికి ‘యూజ్ కేస్’ దగ్గర స్థిరపడ్డారు. 1992లో వచ్చిన జాకబ్సన్ పుస్తకం ఆ మాటను ప్రపంచానికి చేర్చింది. సాఫ్ట్‌వేర్ నమూనాలు గీసే భాషగా 1997లో ప్రమాణమైన యూఎంఎల్‌లో దానికి చోటు దక్కింది.

ఒక మనిషి తన అవసరం కోసం సిస్టమ్‌ను ఎలా వాడతాడో చెప్పే వివరణే యూజ్ కేస్. ఉదాహరణకు ఏటీఎంలో ‘డబ్బు తీసుకోవడం’ ఒక యూజ్ కేస్. పిన్ తప్పయితే, ఖాతాలో సొమ్ము చాలకపోతే ఏం జరగాలో కూడా అందులోనే రాస్తారు. డిజైన్, టెస్టు కేసులు, యూజర్ మాన్యువల్ అన్నీ దాని ఆధారంగానే తయారవుతాయి. నాలుగేళ్ల తర్వాత విత్‌డ్రాయల్ పరిమితి మారినా, ఏ కోడు, ఏ టెస్టు సవరించాలో దాన్నిబట్టి వెతకవచ్చు.

ఇప్పుడు ‘దీని యూజ్ కేస్ ఏమిటి?’ అంటే ‘ఇదెందుకు పనికొస్తుంది?’ అనే అర్థమే మిగులుతోంది. అసలు అర్థంలో ముందు మనిషి, అతని అవసరం ఉంటాయి. ఫీచర్ ఆ తర్వాతే. ఆ వరస పోగొట్టుకోకూడదు.