బందరు బాట మీది సరాయి

బందరు చేరువనున్న మా పెడనలో అద్దకపు బల్లలపై టేకు అచ్చులు పడు చప్పుడు వినినప్పుడెల్ల, ఈ సీమ గుడ్డ ఒకనాడు ఏ బాట పట్టి, రాత్రివేళ ఎచ్చట తలదాచుకొని గోలకొండ చేరెడిదో యన్న ఆలోచన నాకు కలుగుచుండును. ఆ బాటకు వాయవ్యపు కొసన, భాగ్యనగరమునకు సుమారు పది మైళ్ళు ఇవతల, నేటికిని నిలిచియున్నది హయత్‌నగరు సరాయి. బందరునుండి పోవువారికి అది తుది మజిలీ. నగరమునుండి వెడలువారికి తొలి మజిలీ.

దానిని కట్టించినది మహమ్మదు కులీ కుతుబ్‌షా కుమార్తె హయాత్ బక్షీ బేగము. 1626లో భర్త సుల్తాను మహమ్మదు గతించి, పండ్రెండేండ్ల కుమారుడు అబ్దుల్లా సింహాసన మెక్కగా, రాజ్యభారము తన తలకెత్తుకొని 'మాసాహేబ' యని ప్రజలచే పిలిపించుకొన్న ఆ రాజమాత పేరే ఊరికిని నిలిచినది. విశాలమైన ముంగిలి, నడుమ ఎత్తైన అరుగుపై అయిదు కమానుల మసీదు, చుట్టును బాటసారుల గదులు. వాని సంఖ్య నూటముప్పది యందురు. మనుష్యులకేగాక బరువు మోయు పశువులకును నీరు కావలయును గనుక, చేరువనే ఏనుగుబావి యను పెద్ద దిగుడుబావి గలదు.

మన సత్రములకును దీనికిని భేదమున్నది. సత్రమున అన్నము పెట్టుదురు. సరాయి ఇచ్చునది గోడ, గది, నీరు మాత్రమే. వంట ఎవరిది వారు చేసికొనవలసినదే. అయినను, దొంగల భయముగల ఆ దినములలో, ఎద్దులపై సరకు వేసికొని పగలెల్ల నడచిన వర్తకునకు, చీకటిపడగానే తలుపులు మూసికొను ప్రాకారము అన్నముకన్న తక్కువ దానమని నేననుకొనను.

ఇక బాటకు ఆవలి కొసనున్న బందరు సంగతి. 1611లో ఇంగ్లీషువారు అచ్చట వర్తకపు కోఠీ పెట్టిరి. 1639లో అబ్దుల్లా స్వయముగ బందరు వచ్చెను. అతని తరువాతి సుల్తాను తానాషా వచ్చినపుడే కూచిపూడిని భాగవతులకు అగ్రహారముగ నిచ్చెనని మా వైపు పెద్దలు చెప్పుదురు.

1687లో గోలకొండ మొగలుల వశమయ్యెను. 1864 నవంబరు ఉప్పెన బందరు ప్రాంతమున సుమారు ముప్పదివేలమందిని పొట్టబెట్టుకొనెను. ఇన్నిటికిని ఓర్చిన మజిలీకి పని లేకుండ చేసినది రైలు. 1889లో నిజాము రైలు బెజవాడ చేరెను. 1908లో బందరుకును పట్టాలు పడెను.

పుణెనుండి బందరు వచ్చు 65వ జాతీయ రహదారి నేడును హయత్‌నగరు మీదుగనే సాగుచున్నది. నగరమునుండి రాత్రి బస్సులో బయలుదేరిన మా పెడనవారు, ఆ ఊరు దాటునప్పటికి అన్నపు పొట్లమైనను విప్పరు.