వేరుపడిన తరువాత: కామారెడ్డి, ఎల్లారెడ్డి

సికింద్రాబాదు నుండి నిజామాబాదు పోయే రైలు దారిలో కామారెడ్డి ఉన్నది. బెల్లము వ్యాపారమునకు పేరుపడిన ఊరు. అక్కడ దిగి పడమటి రోడ్డు పట్టుకొని పోతే ఎల్లారెడ్డి వస్తుంది. దానికి ఆవల మంజీర మీద నిజాంసాగరు. ఈ రెండు ఊళ్ల పేర్లూ చరిత్ర గ్రంథములలో పెద్ద అక్షరములతో కనిపించేవి కావు. అయినా, ఒక ప్రాంతపు ప్రజలు తాము కలిసియున్న పెద్ద కూటమి నుండి విడిపోవలెనని ఓటు వేసిన తరువాత వారి రాజకీయము ఏ దారి పట్టునో తెలిసికొనగోరేవారికి, ఇక్కడ దొరికినంత స్పష్టమైన సమాధానము మరొక చోట దొరకదని మా అభిప్రాయము.

ఇట్టి విషయము రాగానే ఇప్పుడు అందరికీ బ్రిటను గుర్తుకు వస్తుంది. 2016 జూన్ 23న అక్కడ ఓటరును ఒకే ప్రశ్న అడిగారు: ఐరోపా కూటమిలో ఉండవలెనా, వైదొలగవలెనా? నూటికి 51.9 వంతున వైదొలగుదామన్నారు. ప్రశ్న కాగితము మీద అచ్చయి ఉన్నది, సమాధానము లెక్కకు వచ్చినది.

మన దేశములో అట్టి కాగితము ఎవరి చేతికీ రాలేదు. తెలంగాణము ఆంధ్ర రాష్ట్రముతో కలిసినప్పుడు కూడా రాలేదు. 1955లో రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ సంఘము, హైదరాబాదు రాష్ట్రమును కొంతకాలము వేరుగానే ఉంచి, 1961 ప్రాంతములో జరిగే ఎన్నికల తరువాత అక్కడి శాసనసభలో మూడింట రెండు వంతులమంది కోరితే కలుపవచ్చునని సలహా ఇచ్చినది. ఆ గడువు వరకు ఎవరూ ఆగలేదు. 1956 ఫిబ్రవరి 20న పెద్దమనుషుల ఒప్పందము కుదిరినది, నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినది. విడిపోయినప్పుడు జరిగినదీ ఇంచుమించు ఇదే. 2014 జనవరి 30న ఉమ్మడి శాసనసభ విభజన బిల్లును మూజువాణి ఓటుతో తిరస్కరించినది. ఫిబ్రవరి 18న లోకసభ, 20న రాజ్యసభ అదే బిల్లును ఆమోదించాయి. రాజ్యాంగములోని మూడవ అధికరణము ప్రకారము రాష్ట్ర శాసనసభ అభిప్రాయము చెప్పవచ్చును గాని, అడ్డు చెప్పజాలదు.

చట్టము ఇవ్వని ఓటును ప్రజలు మరొక మార్గమున సంపాదించుకున్నారు. ఆ మార్గమునకు పేరు రాజీనామా. ఎన్నికైన సభ్యుడు తన స్థానము వదలుకొని, ఒక్క ప్రశ్న మీద మళ్లీ అదే ఓటరు ముందుకు వస్తాడు. పైకి అది ఉపఎన్నిక. లోన అది ప్రజాభిప్రాయ సేకరణ.

ఈ మార్గము ఎల్లప్పుడూ ఫలించినది కాదు. 2008లో తెలంగాణ రాష్ట్ర సమితి శాసనసభ్యులు ఈ విధముగానే రాజీనామా చేయగా, పదహారు స్థానములకు ఉపఎన్నికలు జరిగి, ఏడు మాత్రమే వారికి దక్కాయి. రెండేళ్లకు పరిస్థితి తలక్రిందులయినది. 2009 డిసెంబరు 9న కేంద్ర ప్రభుత్వము రాష్ట్ర స్థాపనకు ప్రక్రియ ఆరంభిస్తామని ప్రకటించి, 23న వెనుకకు తగ్గినది. ఇస్తామని చేయి చాచి వెనుకకు తీసుకొన్న ఆ రెండు వారములు, అంతకుముందు పదేళ్ల ఉపన్యాసములు చేయలేని పనిని చేశాయి. 2010 జులై 27న పన్నెండు స్థానములకు ఉపఎన్నికలు జరిగాయి. ఒక్కటి భారతీయ జనతా పార్టీకి పోగా, మిగిలిన పదకొండూ తెలంగాణ రాష్ట్ర సమితికే వచ్చాయి. ఆ పదకొండింటిలో ఎల్లారెడ్డి ఒకటి. రాజీనామా చేసి నిలిచిన ఏనుగు రవీందర్ రెడ్డిని ఓటర్లు తిరిగి పంపించారు.

కామారెడ్డి వంతు 2012 మార్చి 18న వచ్చినది. అక్కడ 2009లో గెలిచినది తెలుగుదేశము పార్టీ అభ్యర్థి గంప గోవర్ధన్. ఆయన పార్టీని, పదవిని వదలి, తెలంగాణ రాష్ట్ర సమితి పక్షమున నిలిచి గెలిచారు. మనిషి ఒక్కడే, ఊరు ఒక్కటే, గుర్తు మాత్రము మారినది. ఓటరు ఆ రోజున చూచినది మనిషిని కాదని, ప్రశ్ననని చెప్పడానికి ఇంతకంటె సాక్ష్యము అక్కరలేదు.

2014 జూన్ 2న రాష్ట్రము వచ్చినది. ఆస్తులు, అప్పులు జనాభా వంతున 58.32, 41.68 పాళ్లుగా పంచుకొనవలెనని చట్టము చెప్పినది. పదేళ్లకు మించకుండ హైదరాబాదు రెండు రాష్ట్రములకు ఉమ్మడి రాజధాని అన్నది. ఆంధ్ర ప్రాంతములో కాంగ్రెసు పార్టీకి ఆ ఏడు శాసనసభలో ఒక్క స్థానము కూడా రాలేదు. ఇవన్నీ ఎన్నోసార్లు చర్చకు వచ్చిన సంగతులే. మాకు ఆసక్తి కలిగించేది వేరొకటి: గెలిచిన ప్రశ్న తరువాత ఏమయినది?

ఉద్యమము కోసమే పుట్టిన పార్టీకి కోరిక తీరిన మరునాడే చిక్కు మొదలవుతుంది. 1971లో తెలంగాణ ప్రజా సమితి లోకసభకు ఈ ప్రాంతములోని పదునాలుగు స్థానములలో పది గెలిచి, ఆ సంవత్సరమే కాంగ్రెసులో కలిసిపోయినది. దానికి కోరిక తీరకముందే కథ ముగిసినది. తెలంగాణ రాష్ట్ర సమితికి కోరిక తీరినది, అధికారమూ వచ్చినది. 2014లో 63 స్థానములు, 2018లో 88. కాని ఆ 2018లోనే ఎల్లారెడ్డి ఎదురు తిరిగినది. రాష్ట్రము కోసము పదవి వదలుకొన్న రవీందర్ రెడ్డిని కాదని, కాంగ్రెసు అభ్యర్థి జాజాల సురేందర్‌ను గెలిపించినది. రాష్ట్రమంతటా గులాబి జెండా ఎగురుతున్న ఏడాదిలో ఎల్లారెడ్డి ఆ పని చేసినది. దీనిని కృతఘ్నత అన్నవారు ఉండవచ్చును. మాకు అట్లు తోచలేదు. ఋణము 2010లోను, 2014లోను తీరిపోయినదని ఓటరు లెక్క కట్టుకొన్నాడు, అంతే.

తరువాతి ముచ్చట మరీ విచిత్రము. 2019లో సురేందర్ కాంగ్రెసును వదలి అధికార పక్షములో చేరారు. ఓడినవాడు, ఓడించినవాడు ఒకే పార్టీలో కూర్చున్నారు. 2021లో రవీందర్ రెడ్డి భారతీయ జనతా పార్టీలోనికి పోయి, 2023 నాటికి కాంగ్రెసు అభ్యర్థిగా పొరుగున ఉన్న బాన్సువాడలో నిలిచి ఓడిపోయారు. ఒక్క ప్రశ్న మీద గీచిన గీత, ఆ ప్రశ్న తీరగానే చెరిగిపోతుంది. గీతకు ఈవల ఎవరో ఆవల ఎవరో గుర్తుపట్టడము కష్టమవుతుంది. బ్రిటనులోనూ వైదొలగుదామన్నవారు ఒకే పార్టీలో లేరు, ఉండుదామన్నవారూ ఒకే పార్టీలో లేరు.

ఇక విభజన రాష్ట్రముతో ఆగలేదు. 2016 అక్టోబరు 11న తెలంగాణలోని పది జిల్లాలు ముప్పది ఒకటి అయ్యాయి. నిజామాబాదు నుండి కామారెడ్డి వేరు జిల్లా అయినది, అందులో ఎల్లారెడ్డి ఒక రెవిన్యూ డివిజను. పరిపాలన గడప వద్దకు వచ్చినదన్నారు. వచ్చిన మాట నిజమే. కలెక్టరు వచ్చారు, కార్యాలయములు వచ్చాయి, వాటి వెంట భూముల ధరలు వచ్చాయి. పట్టణము కొత్త హోదాకు తగినట్లు పెరగవలెనని పురపాలక సంఘము మాస్టర్ ప్లాను ముసాయిదా వేయించినది. చుట్టుపట్ల గ్రామముల రైతులు ఆ పటములో తమ పొలములు ఎక్కడున్నాయో వెదకుకొన్నారు. సాగు భూముల మీద పరిశ్రమల మండలమని రంగు వేసి ఉన్నది. ఒక రైతు ప్రాణము తీసికొన్నాడు. 2023 జనవరి 5న రైతులు కలెక్టరు కార్యాలయము ముందు బైఠాయించారు. ఆ నెలలోనే పురపాలక సంఘము ఆ ముసాయిదాను రద్దు చేయవలెనని తీర్మానించినది. తమకు దగ్గరగా రావలెనని కోరుకొన్న ప్రభుత్వము దగ్గరకు వచ్చి తమ పొలమునే అడిగితే ఏమి చేయవలెనో, విడిపోదామని వేసిన పాత ఓటులో సమాధానము లేదు.

ఈ లోపల, 2022 అక్టోబరులో తెలంగాణ రాష్ట్ర సమితి తన పేరును భారత రాష్ట్ర సమితిగా మార్చుకొన్నది. ఇరువది ఒక్క ఏళ్లు జెండా మీద మోసిన ఊరి పేరు తీసివేసినది. కోరిక తీరిన పార్టీ కొత్త కోరిక వెదకుకొనడము సహజమే. కాని పాత పేరుతో పాటు పాత ఓటరు కూడా వెంట వస్తాడని తలచడము వేరు సంగతి.

2023 ఎన్నికలలో ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు తన గజ్వేలుతో పాటు కామారెడ్డిలోనూ నిలిచారు. కాంగ్రెసు అధ్యక్షుడు రేవంత్ రెడ్డి కొడంగల్‌తో పాటు అక్కడికే వచ్చి పోటీకి దిగారు. డిసెంబరు 3న లెక్కింపు. ఆ రోజు మేము వార్తల గదిలో ఉన్నాము. ఒక్కొక్క రౌండు సంఖ్య చేతికి వచ్చినప్పుడు, తప్పు చదువుతున్నామేమోనని కాగితము మళ్లీ చూచుకొన్నాము. భారతీయ జనతా పార్టీ అభ్యర్థి కాటిపల్లి వెంకటరమణారెడ్డికి 66,652 ఓట్లు, ముఖ్యమంత్రికి 59,911, ముఖ్యమంత్రి కాబోయే మనిషికి 54,916. పోయిన ప్రభుత్వపు అధినేత, వచ్చే ప్రభుత్వపు అధినేత, ఇద్దరూ ఒకే పెట్టెలో ఓడారు. గెలిచినవారు రైతుల ఆందోళనలో ముందు నిలిచిన స్థానికులు. ఎల్లారెడ్డిలో కాంగ్రెసు అభ్యర్థి మదన్ మోహన్ రావు గెలిచారు. రాష్ట్రమంతటా అధికార పక్షము 88 నుండి 39కి దిగినది. బ్రిటనులో వైదొలగే పని పూర్తిచేస్తామని 2019లో ఎనుబది స్థానముల ఆధిక్యముతో గెలిచిన పార్టీ, పని పూర్తి చేసి, 2024లో 121 స్థానములకు దిగినది.

కామారెడ్డి, ఎల్లారెడ్డి రెండూ జహీరాబాదు లోకసభ స్థానములోనివి. 2009లో, ఉమ్మడి రాష్ట్రము ఉండగా, అక్కడ గెలిచినది కాంగ్రెసు అభ్యర్థి సురేశ్ షెట్కార్. 2014లో, 2019లో తెలంగాణ రాష్ట్ర సమితి పక్షమున బి.బి. పాటిల్ గెలిచారు. 2024లో పాటిల్ భారతీయ జనతా పార్టీ గుర్తుతో నిలిచారు. జూన్ 4న పెట్టెలు తెరిచినప్పుడు గెలిచినది సురేశ్ షెట్కార్. అంతకు రెండు రోజుల ముందే హైదరాబాదు ఉమ్మడి రాజధానిగా ఉండే గడువు తీరిపోయినది.