చుట్టరికం పట్టుకొని హంతకుడి దాకా



మనం తెలుగు నేల విడిచి ఎన్నో తరాలయింది. అయినా మనవాళ్ళ పెళ్ళికి కొత్త మనిషి వస్తే పెద్దవాళ్ళు ముందు పేరు అడగరు. "ఎవరింటివాళ్ళు? మీ అమ్మ పుట్టిల్లు ఎక్కడ?" అంటారు. నాలుగు ప్రశ్నలయ్యేసరికి ఎక్కడో ఒక చుట్టరికం తేలుతుంది. అమెరికాలో దశాబ్దాలపాటు దొరకని ఒక హంతకుణ్ణి పట్టించింది దాదాపు ఇలాంటి పద్ధతే. ఆ చరిత్రలో మనం గమనించాల్సిన సంగతి కూడా ఒకటి ఉంది.

మొదలు ఇంగ్లండులో. 1984లో లెస్టర్ విశ్వవిద్యాలయంలో అలెక్ జెఫ్రీస్ డీఎన్‌ఏతో మనిషిని గుర్తుపట్టే విధానం కనిపెట్టారు. ఆ దగ్గరి పల్లెల్లో 1983లో ఒకమ్మాయి, 1986లో ఇంకొకమ్మాయి హత్యకు గురయ్యారు. 17 ఏళ్ళ కుర్రవాడొకడు రెండో నేరం ఒప్పుకున్నాడు కూడా. పరీక్ష చేస్తే రెండు హత్యలూ చేసింది ఒకడేననీ, వాడు ఈ కుర్రవాడు కాదనీ తేలింది. ఆ తర్వాత సుమారు 5,000 మంది మగవాళ్ళ నమూనాలు తీసుకున్నారు. అసలు దోషి కాలిన్ పిచ్‌ఫోర్క్ తన బదులు తోటి పనివాణ్ణి పంపి తప్పించుకోబోయి, 1987లో దొరికాడు. అంటే డీఎన్‌ఏ ముందు ఒక నిర్దోషిని కాపాడింది, దోషిని పట్టింది ఆ తర్వాతే.

మన దేశంలో ఈ విద్యకు పునాది పడింది హైదరాబాదు సీసీఎంబీలో. లాల్జీ సింగ్ కట్లపాము జాతి డీఎన్‌ఏ మీద చేసిన పరిశోధన నుంచి అక్కడ స్వదేశీ పద్ధతి తయారు చేశారు. 1991 శ్రీపెరంబుదూరు హత్య కేసులోనూ అది పనికొచ్చింది.

ఇక కాలిఫోర్నియా సంగతి. 1975 నుంచి 1986 దాకా ఒకడు 13 మందిని చంపాడు, సుమారు 50 మంది ఆడవాళ్ళపై అత్యాచారం చేశాడు. ఉత్తరాన జరిగిన అత్యాచారాలూ, దక్షిణాన జరిగిన హత్యలూ చేసింది ఒక్కడేనని 2001లో డీఎన్‌ఏ తేల్చింది. అన్నేళ్ళూ నమూనాలు జాగ్రత్తగా దాచి ఉంచబట్టే అది సాధ్యమైంది. కానీ నేరస్థుల జాబితాలో వాడి డీఎన్‌ఏ లేదు.

అప్పుడు పరిశోధకుడు పాల్ హోల్స్, వంశవృక్షాలు గీసే బార్బరా రే-వెంటర్ మరో దారి పట్టారు. పూర్వీకులను వెతుక్కునేవాళ్ళు తమ డీఎన్‌ఏ పెట్టే జెడ్‌మ్యాచ్ వంటి చోట్ల హంతకుడి నమూనాను పోల్చి చూశారు. దూరపు బంధువులు తేలారు. వాళ్ళందరికీ మూలమైన పూర్వీకుల దాకా పైకెళ్ళి, అక్కడి నుంచి జనన, వివాహ, మరణ పత్రాలు పట్టుకొని ఒక్కో కొమ్మా కిందికి దిగారు. వయసు, నివసించిన ఊళ్ళు సరిపోనివాళ్ళను తీసేస్తూ వచ్చారు. చివరికి మిగిలినవాడు జోసెఫ్ డిఏంజెలో, 72 ఏళ్ళ మాజీ పోలీసు! కారు తలుపు పిడి మీద నుంచి, చెత్తబుట్టలో పారేసిన కాగితం నుంచి నమూనా తీసి సరిచూసి, 2018 ఏప్రిల్ 24న అరెస్టు చేశారు. 2020లో నేరం ఒప్పుకున్నాడు, యావజ్జీవ శిక్ష పడింది.

ఆ కుటుంబాల కన్నీళ్ళకు ఎన్నాళ్ళకో జవాబు దొరికింది. దాన్ని మనం కాదనలేం. కానీ డీఎన్‌ఏ ఇచ్చిన ఆ దూరపు బంధువులు తాత ముత్తాతల కోసం వెతుక్కుంటున్నవాళ్ళు. తమ వల్ల వంశమంతా బయటపడుతుందని వాళ్ళు అనుకోలేదు. విమర్శలు వచ్చాక 2019 మేలో జెడ్‌మ్యాచ్ నియమం మార్చింది: ఒప్పుకున్నవాళ్ళ వివరాలే పోలీసులు చూడాలి.

మన పిల్లలు కూడా "మన మూలం ఎక్కడ?" అంటూ ఉమ్మి పరీక్షల మాట ఎత్తుతున్నారు. మంచి కోరికే. అయితే తరతరాల మేనరికాలున్న మనలాంటి కులాల్లో డీఎన్‌ఏ లెక్క చిక్కుపడుతుంది, దూరపు చుట్టం కూడా దగ్గరివాడిలా కనబడతాడు. అందుకని ముందు పెద్దవాళ్ళను కూర్చోబెట్టి ఇంటిపేర్లు, పుట్టిళ్ళు, మెట్టినిళ్ళు రాసుకుందాం. ఆ తర్వాత కూడా పరీక్ష చేయించుకోవాలనిపిస్తే, అన్నదమ్ములనూ అక్కచెల్లెళ్ళనూ ఒక మాట అడిగే పంపుదాం. ఇచ్చేది ఒక్కరే అయినా, అందులో వాళ్ళ వివరాలూ ఉంటాయి.