అగ్గిపెట్టెలో కారు

అగ్గిపెట్టెలో పట్టే చీర సంగతి మీ అందరికీ తెలిసే ఉంటుంది. మన సిరిసిల్ల నేతన్నల పనితనం అది. ఆ మాట వినగానే మనకు రెండు ఆలోచనలు వస్తాయి. అబ్బ, ఎంత సన్నని నేతో అన్నది ఒకటి. అది కట్టుకొని పేరంటానికి పోయేదెట్లా అన్నది రెండోది. కాని అగ్గిపెట్టెలో పట్టే కారు కూడా ఒకటుందనీ, దాని వెనక ఒక ఆడపిల్ల ఉందనీ నలభై దాటేదాకా నాకు తెలియదు. తెలిసిన రోజే, ముప్పై ఏళ్లకు పైగా కడుపులో దాచుకున్న తప్పొకటి బయటపెట్టవలసి వచ్చింది. ఆ ముచ్చట చివర చెబుతాను.

మా తమ్ముడు మహబూబ్‌నగర్‌లో లెక్చరరు. చేతిలో నాలుగు డబ్బులు మిగిలితే ఎవరైనా తులం బంగారమో, ఊరి బయట ప్లాటో కొంటారు. వీడు బొమ్మ కార్లు కొంటాడు. ప్లాస్టిక్‌వి కావు సుమా, పోత పోసిన లోహపు కార్లు. హాల్లో గోడ పొడుగునా అద్దాల బీరువా. అందులో అంబాసిడర్లు, ఫియట్లు, నేను పేరు కూడా పలకలేని విలాయతీ కార్లు వరసగా నిలబడి ఉంటాయి. ఒక్కో దాని ముందు చిన్న అట్టముక్క మీద పేరు, తయారైన సంవత్సరం, కొలత రాసి ఉంటుంది. ఎవరైనా మెచ్చుకుంటే మా మరదలు ఒకటే మాట అంటుంది.

"కార్లు ఆయనయి, దుమ్ము నాది."

పోయిన దసరాకు నల్లగొండ నుంచి వాళ్లింటికి బయలుదేరాను. దేవరకొండ దాటి కల్వకుర్తి దిక్కు పోతుంటే, మా చిన్నప్పుడు జొన్నచేలు కనబడ్డచోట ఇప్పుడు ఎటు చూసినా పత్తే. జొన్న పోతే పోయింది, దానితోపాటు ఒక బండి కూడా పోయింది గదా అనిపించింది.

ఏం బండి అంటారా? జొన్నచొప్ప పైతోలు ఒలిస్తే లోపల తెల్లని బెండు వస్తుంది. మా అమ్మమ్మ ఆ బెండు ముక్కలకు చొప్పపేళ్లనే మేకుల్లాగ గుచ్చి ఎడ్లబండి చేసిచ్చేది. కాడి, నొగలు, చక్రాలు అన్నీ ఉండేవి. ఎండాకాలం ముంజలు తిన్నాక ఖాళీ తాటికాయలు రెండింటికి పుల్ల గుచ్చి, పంగలకట్టె ఆనిస్తే అదొక బండి. అది ఊరంతా తిరిగేది. వాటికి మగపిల్లల బండి, ఆడపిల్లల బండి అన్న తేడా లేదు. ముంజ తిన్నవాళ్లందరికీ బండి ఉండేది. సాయంత్రానికి బెండు బండిని బర్రె తినేసేది, తాటికాయ బండి దొడ్లో ఎండిపోయేది. మళ్లీ తెల్లారి కొత్తది. బీరువాలో దాచే బాధ లేదు.

బొమ్మబండి మన దేశానికి కొత్తది కాదు. హరప్పా నాగరికత పిల్లలు మట్టి ఎడ్లబండ్లతో ఆడుకున్నారు. మహారాష్ట్రలోని దైమాబాద్‌లో 1974లో దొరికిన కంచు రథం ఫొటో మీరు చరిత్ర పుస్తకాల్లో చూసే ఉంటారు. శూద్రకుని నాటకానికి మృచ్ఛకటికమనే పేరే మట్టిబండి వల్ల వచ్చింది. చారుదత్తుని కొడుకు పొరుగింటి పిల్లవాడి బంగారుబండితో ఆడుకుంటాడు. ఆ పిల్లవాడు దాన్ని తీసుకుపోతే, ఇంటి దాసి రదనిక మట్టితో ఒక బండి చేసిస్తుంది. నాకిది వద్దు, బంగారుదే కావాలని వాడు ఏడుస్తాడు. వసంతసేన ఆ ఏడుపు చూడలేక తన నగలు తీసి ఆ మట్టిబండిలో నింపుతుంది. ఆ నగలే తర్వాత కథను ఎక్కడెక్కడికో తీసుకుపోతాయి. నాటకాన్ని కాలేజీలో చదివినప్పుడు ప్రేమకథ మాత్రమే కనిపించింది. ఇప్పుడు చూస్తే, ఆ బండి చేసిందీ ఆడమనిషే, నింపిందీ ఆడమనిషే.

ఇక ఇనుపకార్ల సంగతికి వద్దాం. ఇనుపకార్లని మనం అంటాం గాని వాటిలో ఇనుము ఉండదు. జింకు ఎక్కువగా, అల్యూమినియం, మెగ్నీషియం, రాగి కొద్దికొద్దిగా కలిపిన లోహం అది. దాన్ని కరిగించి ఉక్కు అచ్చులోకి ఒత్తిడితో పంపిస్తారు. మనం గరిజెల చెక్కలో పిండి పెట్టి నొక్కితే అంచుల గీతలతో సహా గరిజె దిగినట్టు, తలుపు గీత, దీపాల గుండ్రం, బానెట్ మీది గుర్తు అన్నీ ఆ అచ్చులోంచే దిగుతాయి. లోహంలో కాస్త సీసం కలిసిందో, ఏళ్లు గడిచాక కారు తనంతట తానే పగుళ్లు తీసి పొడి అవుతుంది. రెండో ప్రపంచయుద్ధానికి ముందటి బొమ్మలు చాలావరకు అట్లానే పోయాయి.

కొలతల లెక్క కూడా తమ్ముడే చెప్పాడు. 1:43 అంటే అసలు కారులో నలభైమూడో వంతు. అంబాసిడర్ పొడుగు దాదాపు 4.3 మీటర్లు కదా, బొమ్మ పది సెంటీమీటర్లకు వస్తుంది. మరి నలభైమూడే ఎందుకు? ఇంగ్లండులో బొమ్మరైళ్లకు అడుగుకు ఏడు మిల్లీమీటర్ల లెక్క ఉండేది. ఆ రైళ్ల పక్కన పెట్టడానికి చేసిన కార్లకూ దగ్గరదగ్గర అదే కొలత వచ్చింది. లివర్‌పూల్‌లో ఫ్రాంక్ హార్న్‌బీ కంపెనీ అట్లా మొదలుపెట్టినవే 1934 నుంచి డింకీ టాయ్స్ అయ్యాయి. హార్న్‌బీ కోడలి స్నేహితురాలు వాటిని చూసి, ముచ్చటగా ఉన్నాయనే అర్థంలో వాడిన స్కాట్లండు మాటే పేరుగా నిలిచిందని చెప్పుకుంటారు. 1979లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. అంతకుముందే వాళ్ల అచ్చులు కొన్ని మన కలకత్తాకు చేరి, నిక్కీ టాయ్స్ పేరుతో ఇక్కడి పిల్లల చేతుల్లోకి వచ్చాయి.

అగ్గిపెట్టె కథ లండన్‌ది. లెస్లీ స్మిత్, రాడ్నీ స్మిత్ అని ఇద్దరు స్నేహితులు. ఇంటిపేరు ఒకటే గాని చుట్టాలు కారు. 1947లో ఇద్దరి పేర్లూ కలిపి లెస్నీ అనే కంపెనీ పెట్టుకొని, మూతపడ్డ ఒక కల్లుదుకాణం లాంటి చోట పోతపని మొదలుపెట్టారు. జాక్ ఓడెల్ అనే పనిమంతుడు వాళ్లతో కలిశాడు. ఈయనకొక కూతురుంది. ఆ పిల్ల చదివే బడిలో, అగ్గిపెట్టెలో పట్టే బొమ్మయితేనే తెచ్చుకోవచ్చునని నియమం. ఈ పిల్లేమో అగ్గిపెట్టెలో సాలెపురుగులు పెట్టుకొని పోయేదట! ఆ గోల పడలేక తండ్రి 1952 ప్రాంతంలో ఇత్తడితో బుల్లి రోడ్డురోలరు చేసి పెట్టెలో పెట్టిచ్చాడు. బడిలో పిల్లలందరూ నాక్కావాలంటే నాక్కావాలన్నారు. 1953లో మ్యాచ్‌బాక్స్ కార్లు బజారుకు వచ్చాయి. ప్రపంచంలోని మగపిల్లల జేబులన్నీ నింపిన ఆ కార్లకు మొదటి సొంతదారు ఒక ఆడపిల్ల!

అంతేనా? లెస్నీ కంపెనీ పెద్దదయ్యాక ఆ ఫ్యాక్టరీ బల్లల ముందు కూర్చొని చక్రాలు బిగించినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. 1968లో హాట్ వీల్స్ కార్లతో పోటీకి దిగిన అమెరికా కంపెనీ మాటెల్‌ను స్థాపించినవాళ్లలో రూత్ హాండ్లర్ అనే ఆవిడ ఒకరు. బార్బీ బొమ్మ ఆవిడ ఆలోచనే. లెస్నీ 1982లో దివాలా తీసింది. చేతులు మారి మారి 1997లో మ్యాచ్‌బాక్స్ కూడా మాటెల్‌కే చేరింది. చేసినవాళ్లలో ఆడవాళ్లు, మొదట ఆడుకున్నది ఆడపిల్ల. మరి దుకాణంలో కార్లు ఒక అరలో, లక్కపిడతలు ఇంకో అరలో ఎట్లా విడిపోయాయో మీరే చెప్పండి.

కార్లు కూడబెట్టే వాళ్ల లోకంలో ఒక వింత ధర్మం ఉంది. పెట్టెలోంచి తియ్యని, ఎవరూ ఆడని కారుకే ఎక్కువ ధర. అట్టపెట్టె చిరిగితే ధర తగ్గుతుంది, రంగు రాలితే ఇంకా తగ్గుతుంది. ఇది విన్నప్పుడు నాకు మన బీరువాల్లోని పెళ్లి పట్టుచీరలు గుర్తొచ్చాయి. కట్టుకుంటే పాడవుతుందని దాస్తాం, దాచీ దాచీ మడతల దగ్గర చీలిపోతుంది.

కార్లలో అట్లా దాచినదానికి మన దగ్గరే పెద్ద ఉదాహరణ ఉంది, అది బొమ్మ కాదు. పాలమూరుకు మహబూబ్‌నగర్ అని పేరొచ్చింది ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ వల్లనే. ఆయన రోల్స్‌రాయిస్ కంపెనీకి సింహాసనం లాంటి సీటున్న పసుపుపచ్చ కారు ఒకటి పురమాయించారు. కారు వచ్చేలోపలే 1911లో ఆయన కాలం చేశారు. ఏడో నిజాం దాన్ని ఊరేగింపులకే వాడారు. 1947 నాటికి అది తిరిగింది మొత్తం 356 మైళ్లేనట. హైదరాబాదు నుంచి మా నల్లగొండకు మూడుసార్లు వచ్చి వెళ్తే అయిపోయే దూరం! తర్వాత దానికి మరమ్మతులు చేయించి చౌమహల్లా ప్యాలెస్‌లో పెట్టారు. దాని ముందు నిలబడితే మెచ్చుకోబుద్ధీ అవుతుంది, జాలీ వేస్తుంది.

సరే, దసరా మర్నాడు మధ్యాహ్నం తమ్ముడు పాత న్యూస్‌పేపర్ పరిచి పనికి కూర్చున్నాడు. అడుగున రెండు రివిట్లుంటాయి, వాటిని సన్నని డ్రిల్లుతో తొలిస్తే కారు పైడొల్ల, అడుగు రేకు విడివిడిగా వస్తాయి. పైడొల్లను మందులో వేస్తే పాత రంగు ఊడుతుంది. పాత టూత్‌బ్రష్‌తో సబ్బునీళ్లతో తోమి, ఆరబెట్టి, ప్రైమరు పూసి, ఆపైన రంగు పలచగా రెండు మూడు పూతలు వెయ్యాలి. ఒకేసారి మందంగా వేస్తే తలుపు గీతలు పూడిపోతాయి. రివిట్ల చోట చిన్న మరలు బిగిస్తారు. ఎండ తగిలితే రంగు వెలుస్తుంది, పాత రబ్బరు టైర్లు అరకు అతుక్కుంటాయి, అందుకని బీరువా కిటికీకి దూరంగా ఉండాలి. దుమ్ము దులపడానికి మెత్తని బ్రష్షు కావాలి. మా మరదలి పౌడరు బ్రష్షు ఎక్కడికి పోయిందో అప్పుడర్థమైంది.

పేపరు మీద ఉన్న కారు చూసి నా గుండె జల్లుమన్నది. మా ఇంటి పాత అంబాసిడర్. తెల్లరంగు సగం రాలి, కప్పు మీద సొట్ట, ఎడమ దీపం విరిగి, వెనక ఇరుసు వంకరపోయి ఉంది.

"దీన్ని కొత్తగ చేస్తనక్కా. చిన్నప్పుడు నేనే పడేసి ఇంత పాడుచేసిన గదా" అన్నాడు, మందు సీసా మూత తీస్తూ.

1988. నాకు ఎనిమిదేళ్లు, వాడికి ఆరు. మా నాయిన బడిపంతులు. హైదరాబాదు పోయి కోఠిలో తమ్ముడికి ఆ కారు, నాకు లక్కపిడతలు తెచ్చాడు. నాకూ కారు కావాలంటే, ఆడపిల్లకు కారెందుకే అని మా నానమ్మ నవ్వింది. మధ్యాహ్నం అందరూ పడుకున్నాక కారు తీసి అరుగు మీద నడిపాను. షాబాదు బండల మీద అది ఎంత నున్నగా పోయిందో! పోయి పోయి అరుగు అంచు దాటి కింద రాయి మీద పడ్డది. ఎక్కడిదక్కడ పెట్టేసి ఊరుకున్నాను. సాయంత్రం నాయిన చూసి వాణ్ని కొట్టాడు. నేను వంటింట్లో లక్కపిడతలు వరసగా పెట్టుకుంటూ కూర్చున్నాను. భయం వల్ల చెప్పలేదన్నది సగం నిజం. కారు వాడికి ఇచ్చారు కాబట్టి దెబ్బలూ వాడికే పడనీ అని ఒక మూల అనిపించింది, అది మిగతా సగం.

ఆ దెబ్బలు తిన్న పిల్లవాడు, పడేసింది తానేనని నమ్ముతూ పెద్దవాడయ్యాడు. అది మాత్రం నేను తట్టుకోలేకపోయాను.

"ఆగు, దాంట్ల ముంచకు. అది పడేసింది నువ్వు కాదు" అని మొత్తం చెప్పేశాను.

తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. కారు కప్పు మీద బొటనవేలితో రుద్దుతూ కూర్చున్నాడు. నాయిన పోయి ఏడేళ్లయింది.

"అయితే నాయిన కొట్టిన దెబ్బలు ఇప్పుడు నేనెవరికి వాపసు ఇయ్యాలె?" అన్నాడు చివరికి. నవ్వుతూనే అన్నాడు గాని కళ్లు నవ్వలేదు. కాసేపటికి, "ఒక్కమాట అడిగుంటే ఇచ్చేటోణ్ని గదక్కా" అన్నాడు.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

వాడు మందు సీసా మూత పెట్టేశాడు. రంగు తియ్యలేదు. ఇరుసు ఒక్కటి సరిచేసి, సొట్టను సొట్టలాగే ఉంచి మరలు బిగించాడు. కారును పై అరలో పెట్టబోయి, ఏమనుకున్నాడో, వాడి ఐదేళ్ల కూతురికి అందేలాగ కింది అరలో పెట్టి, ఆ అరకు తాళం తీసేశాడు. పిల్ల చప్పున వచ్చి కారు పట్టుకొని వసారాలోకి పరుగెత్తింది.

మా మరదలు వంటింట్లోంచి వచ్చి అంతా విని, దుమ్ము తుడిచే బట్ట నా చేతిలో పెట్టింది.

"కారు నడిపింది నువ్వే గద వదినా! నువ్వు వచ్చినప్పుడల్లా ఇగ ఆ కింది అర దుమ్ము నీది" అన్నది.

న్యాయమే అనిపించి తుడవడం మొదలుపెట్టాను.