తల మీది చిన్న అంకె

మన దేవరుప్పుల బడిలో లెక్కల సారు ఘాతాంకం రాసేముందు సుద్దముక్కను ఒక్క క్షణం ఆపేవారు. తర్వాత చేయి పైకి జరిపి చిన్నగా రాసేవారు. "భూమి కింద, ఘాతాంకం పైన. జారిందా, లెక్క మారినట్టే" అనేవారు. పరీక్ష పేపర్‌కు స్టెన్సిల్ మీద గీసేటప్పుడూ ఆయన చేతిది అదే అలవాటు.

ఆ అంకెను పైన రాయడం మరీ పాత పద్ధతేమీ కాదు. 11వ శతాబ్దంలో పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితసారసంగ్రహాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినప్పుడు వర్గం, ఘనం అనే మాటలే ఉన్నాయి. ఇప్పటి రూపం 1637లో డెకార్ట్ రాసిన 'లా జియోమెట్రీ'తో వాడుకలోకి వచ్చింది. ఆయన కూడా వర్గానికి చాలాచోట్ల అదే అక్షరాన్ని రెండుసార్లు రాసేవాడు.

కంప్యూటర్ వచ్చాక చిక్కు మళ్లీ మొదలైంది. 1957 నాటి ఫోర్ట్రాన్‌లో అంకెను పైకి ఎత్తే వీలు లేక రెండు నక్షత్రం గుర్తులు పెట్టారు. డొనాల్డ్ నూత్ తన టెక్ అనే అచ్చు ప్రోగ్రాంలో ^ గుర్తు పెట్టి, 2^3 అని కొడితే కాగితం మీద 2³ వచ్చేలా చేశాడు. తర్వాతి కాలపు అక్షర సంకేతాల్లో ², ³ ఒకచోట, ⁴ మొదలైనవి మరోచోట చేరాయి. అందుకే కొన్ని ఫాంట్లలో అవి పక్కపక్కన ఎగుడుదిగుడుగా కనిపిస్తాయి.

ఈ చరిత్రంతా నేను తర్వాత చదువుకున్నదే. అంతకుముందే దెబ్బ తిన్నాను. టీచర్లు ప్రశ్నలు ఎక్కిస్తే పేపర్ తయారయ్యే సాఫ్ట్‌వేర్ ఒకటి రాశాను. ఒకరోజు ఒక పల్లె బడి నుంచి ఫోన్. "అన్నా, పిల్లలు 552 అంటున్నరు. ఆప్షన్లల్ల అది లేదు!"

ప్రశ్న 2³ × 2⁴. అచ్చులో వచ్చింది 23 × 24. సరైన జవాబు 2⁷ కాస్తా 27 అయింది. పిల్లలు చేసిన గుణకారంలో తప్పేమీ లేదు. వర్డ్ ఫైలులో ఆ 3 పైన ఉండడం వట్టి అలంకారమే. నా ప్రోగ్రాం అలంకారాన్ని వదిలేసి అంకెలను మాత్రమే దాచుకుంది.

అప్పటినుంచి భూమిని, ఘాతాంకాన్ని విడివిడిగా దాస్తున్నాను. తెలుగుకు ఇంకో పని కూడా ఉంది. మనకు పైన గుడులు, కింద వత్తులు. వరుసల మధ్య జాగా పెంచకపోతే పై వరుస వత్తు వచ్చి ఘాతాంకానికి తగులుతుంది.

కొత్త ఫాంట్ పెట్టినప్పుడల్లా ఒక పేపర్ తీసి జిరాక్స్ చేయిస్తాను, ఆ జిరాక్స్‌కు మళ్లీ జిరాక్స్. చివరి బెంచీ పిల్లవాడికి అందేది ఆ కాపీయే. అందులో 3, 8 వేరుగా కనిపించేదాకా సైజు పెంచుతూ పోతాను.